ఆ మూడు లీటర్ల నల్ల ఆయిల్ ఎక్కడ ఇవ్వాలి?

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,



మా ఇంట్లో కారుకి ఇంజిన్ ఆయిల్ మేమే మార్చుకుంటాం. పది వేల కిలోమీటర్లు తిరిగాకో, ఏడాది నిండాకో, ఏది ముందొస్తే అప్పుడు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ బోల్టు విప్పితే మూడు లీటర్ల పైచిలుకు నల్లటి ఆయిల్ తొట్టిలోకి దిగుతుంది. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి పెడితే పొద్దున్నే బండి వచ్చి పట్టుకుపోతుంది. ఈ ఆయిల్‌ని ఆ బండిలో వెయ్యకూడదని నాకు తెలుసు, బండి అబ్బాయికీ తెలుసు. మరి ఎక్కడ ఇవ్వాలో మాత్రం మా ఇద్దరికీ తెలియదు. ఈ ఉత్తరం ఆ ఒక్క ప్రశ్న మీదే. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. జవాబు మీ చేతిలో ఉంది, దానికి చట్టం అండ కూడా ఉంది, అందుకని రాస్తున్నాను.

నేనెవరినో చెప్పుకోవాలి కదా. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉండేది పటమట. నా దగ్గర చదివిన కుర్రాళ్ళు కొందరు ఆటోనగర్‌లో షెడ్లు పెట్టుకుని నాకంటే నాలుగు రాళ్ళు ఎక్కువే వెనకేశారు. వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే అరగంటలో పని చేసి పంపిస్తారు, డబ్బులిస్తే మొహమాటపడతారు. అయినా ఈ ఒక్క పని మాత్రం నేనే చేసుకుంటాను.

డబ్బు మిగులుతుందా అంటే మిగులుతుంది. నేను చేసేది అందుకు కాదు. ఏ గ్రేడు ఆయిల్ పోశారు, ఎంత పోశారు, ఫిల్టర్ మార్చారా లేక పైపైన తుడిచి వదిలేశారా అన్నది బిల్లు చూస్తే తెలియదు, కారు కింద పడుకుంటే తెలుస్తుంది. యాక్సిల్ రబ్బరు బూటు చిరిగిందా, సైలెన్సర్ పట్టీ ఊడిందా, ఏ స్పీడ్ బ్రేకర్‌కి కింద ఎక్కడ గీసుకుపోయింది, ఇవన్నీ కూడా ఆ వంకన కంటబడతాయి. బూటు చిరిగినప్పుడే చూసుకుంటే రబ్బరు ఖర్చుతో పోతుంది. చూసుకోకపోతే గ్రీజు కారిపోయి, దుమ్ము దూరి, జాయింటే మార్చాల్సి వస్తుంది.

మన దగ్గర కారంటే ముందు హోదా, తర్వాతే బండి. కారున్నాయన చేతిలో పానా పట్టుకుని సెల్లార్‌లో అట్టముక్క పరుచుకుని పడుకుంటే చూసేవాళ్ళకి అదోలా ఉంటుంది. "ఏం మాస్టారూ, మెకానిక్ దొరకలేదా?" అని పరామర్శిస్తారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వారు నేల మీద మరకలు పడతాయేమోనని ఓ కన్నేసి ఉంచుతారు, వారి భయంలో న్యాయముంది. చిత్రమేమిటంటే, ఆ పరామర్శించే వారి అబ్బాయే డల్లాస్‌లో వాళ్ళింటి గరాజులో శనివారం పూట ఇదే పని చేసి ఫోటో పంపిస్తే, మా వాడు ఎంత పనిమంతుడో అని నాకే చూపిస్తారు.

ఇది అంత కష్టమైన పనా అంటే కాదు. కానీ అడ్డదిడ్డంగా చేస్తే ప్రాణాల మీదికొచ్చే పని. కారుతో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికే. దాని మీద లేపిన కారు కింద తల పెట్టకూడదు. ర్యాంపులు ఉండాలి, లేదా జాకీతో లేపి స్టాండ్ల మీద దింపాలి. చదునైన నేల కావాలి, హ్యాండ్ బ్రేక్ వెయ్యాలి, నేల మీద మిగిలిన చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. అవేవీ లేనివాళ్ళు ఈ పని జోలికి వెళ్ళకుండా ఆటోనగర్‌కి వెళ్ళడమే మంచిది, ఆ మాట నేనే చెబుతాను. వారంటీలో ఉన్న కారుకి కూడా తొందరపడకూడదు. కంపెనీ సర్వీసు పుస్తకంలో ముద్రలు లేకపోతే రేపు ఇంజిన్‌కి ఏదైనా అయినప్పుడు పేచీ పడాల్సి వస్తుంది. నేను వారంటీ గడువు తీరాకే మొదలుపెట్టాను.

ఇంజిన్‌ని ఓ నాలుగైదు నిమిషాలు తిప్పి ఆపితే ఆయిల్ వెచ్చబడి పల్చబడుతుంది, అడుగున పేరుకున్న మడ్డి కూడా దానితో పాటే దిగుతుంది. మరీ కాగనిస్తే చేతులు కాలతాయి. పైన ఆయిల్ పోసే మూత తీసి, కింద తొట్టి పెట్టి, బోల్టుకి సరిగ్గా పట్టే రింగ్ పానాతో వదులు చెయ్యాలి. చివరి మరలు చేత్తో తిప్పుతున్నప్పుడు బోల్టుని లోపలికి నొక్కిపట్టి ఉంచి ఒక్కసారిగా లాగితే ఆయిల్ చెయ్యి మీద పడదు. ధార సన్నబడి, చుక్కలయ్యి, ఆ చుక్కలు కూడా తెరిపివ్వడానికి పావుగంట పైనే పడుతుంది. సర్వీసు సెంటర్లలో ఆ పావుగంట ఓపిక పట్టేవాళ్ళు తక్కువ. బోల్టు కింది వాషర్ కొత్తది వెయ్యాలి. అది మెత్తటి లోహం, ఒకసారి నలిగాక మళ్ళీ సరిగ్గా కూర్చోదు. కారకూడదని బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం ఛాంబర్ మరలు అరిగిపోతాయి. అప్పుడు అయ్యే ఖర్చుతో చాలా ఏళ్ళ ఆయిల్ వస్తుంది.

ఫిల్టర్ దగ్గర ఒక్క సంగతి. పాతది విప్పాక దాని రబ్బరు రింగు దానితో పాటే వచ్చిందో లేదో చూడాలి. అది ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీద కొత్త రింగు కూర్చుంటే, స్టార్ట్ చెయ్యగానే ఆయిల్ చిమ్ముకొస్తుంది. కొత్త రింగుకి కొత్త ఆయిల్ ఓ చుక్క రాసి, చేత్తో తిప్పి, రింగు ఆనాక ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. మాన్యువల్‌లో రాసిన కొలతకి కాస్త తక్కువ పోసి, ఇంజిన్ ఓ నిమిషం తిప్పి ఆపి, కాసేపు ఆగి డిప్‌స్టిక్ తీసి చూసుకుంటూ పైగీత దాటకుండా నింపాలి. గీత దాటినా నష్టమే. లోపల తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలే గాని పట్టు ఉండదు.

మన ఎండలకి చిక్కటి ఆయిల్ పోస్తేనే ఇంజిన్ నిలబడుతుందని షెడ్లలో ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. 5డబ్ల్యూ-30 పోయమని పుస్తకంలో ఉంటే, "అది చలి దేశాలకండీ, మన బెజవాడకి 20డబ్ల్యూ-50 పడాలి" అంటారు. ఇంజిన్‌కి బయటి ఎండతో పని తక్కువ. బయట 45 డిగ్రీలున్నా 20 డిగ్రీలున్నా థర్మోస్టాట్ కూలెంట్‌ని 90 డిగ్రీల దరిదాపుల్లోనే పట్టి ఉంచుతుంది. ఆయిల్ పేరులో రెండో అంకె చెప్పేది 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనమే. సన్నటి దారుల్లో పల్చటి ఆయిల్ తిరగాలని కట్టిన ఇంజిన్‌లో చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది సరిగ్గా ఆ క్షణాల్లోనే. ఇదంతా మీకు అవసరం లేని పాఠమే. పాత అలవాటు, మన్నించాలి.

పని అయ్యాక ఖాళీ డబ్బాకి మేకుతో చిల్లు పొడిచి గాని బయట పడెయ్యను. పేరున్న కంపెనీ డబ్బా చెక్కుచెదరకుండా దొరికితే అందులో ఏ ఆయిలో నింపి మళ్ళీ అమ్మేవాళ్ళున్నారు. ఈ నల్ల ఆయిల్‌నే వడగట్టి, రంగు మార్చి అందులో పోసేవాళ్ళూ ఉన్నారు. నేను దించిన ఆయిల్ తిరిగి నా ఇంజిన్లోకే వచ్చే దారి అది.

సొంత బండిని సొంతంగానో, నచ్చిన మెకానిక్ చేతో బాగుచేయించుకునే హక్కు గురించి ఢిల్లీలో మాటలు బాగానే నడిచాయి. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు పై కోర్టుల మెట్లెక్కాయి, అది వేరే కథ. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, వాహనాలను కూడా అందులో చేర్చింది. సంతోషం. అయితే హక్కు వాడుకున్నాక తొట్టిలో మిగిలే మూడు లీటర్ల సంగతి ఆ మాటల్లో నాకెక్కడా వినబడలేదు.

ప్రస్తుతం అది ఎటు పోతోందో చెబుతాను. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఊళ్ళో అందరికీ తెలిసిందే. మా వాచ్‌మన్ ఓ సీసాడు అడిగి పట్టుకెళ్తాడు, ఊళ్ళో వాళ్ళింటి ద్వారబంధాలకి చెదలు పట్టకుండా పూయడానికి. ఇల్లు కట్టే మేస్త్రీలు సెంట్రింగ్ రేకులకి కాంక్రీటు అంటుకోకుండా పూస్తారు. చైన్లకి, గేటు బందులకి, రిక్షా ఇరుసులకి వేసేవాళ్ళున్నారు. షెడ్లలో అయితే మూల ఒక డ్రమ్ము ఉంటుంది. నిండాక ట్రాలీ ఆటోలో మనిషొచ్చి లీటరుకింత అని డబ్బిచ్చి పట్టుకుపోతాడు. ఎక్కడికి అని మెకానిక్ అడగడు, అడిగినా అతను చెప్పడు. శుద్ధి చేసే కర్మాగారానికి వెళ్ళొచ్చు, బట్టీలో పొయ్యి కిందికి వెళ్ళొచ్చు, పైన చెప్పిన డబ్బాల్లోకీ వెళ్ళొచ్చు. ఏ బేరానికీ రానిది, అంటే మా ఇళ్ళలో మిగిలే రెండు మూడు లీటర్లు, రోడ్డు పక్క బైకు మెకానిక్ దగ్గర ఒలికినవి, చాలావరకు సైడు కాలువలోకే పోతుంది.

సైడు కాలువలో పోస్తే మన ఊళ్ళో అది ఎక్కడికి చేరుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. బ్యారేజీ దగ్గర కృష్ణ నుంచి విడిపోయి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ నుంచే పోతాయి. దిగువన డెల్టా పల్లెల్లో మంచినీటి చెరువులు నింపుకునేది ఆ కాలువ నీళ్ళతోనే. ఇటువైపు బుడమేరు కొల్లేరుకి పోతుంది. 2002 నుంచి రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు ఉన్న సరస్సది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రజలకి చెప్పే లెక్క ఒకటుంది: ఒక్క కారు ఆయిల్ మార్పులో వచ్చే వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే సుమారు 38 లక్షల లీటర్లను పాడుచెయ్యగలదు. వాడిన ఆయిల్‌లో ఉండేది ఆయిల్ ఒక్కటే కాదు మరి. ఇంజిన్ లోపల అరిగిన లోహాల పొడి, సగం కాలిన ఇంధనం, మసి అన్నీ అందులోనే ఉంటాయి. ఎక్కువకాలం చర్మానికి తగలనివ్వొద్దని డబ్బా మీదే హెచ్చరిక ఉంటుంది. చేతులకి తొడుగులు లేకుండా మా పిల్లలెవరూ పని చెయ్యకూడదని తరగతిలో పోరేవాణ్ణి. వినేవాళ్ళు కాదు.

నన్నడిగితే ఈ విషయంలో పౌరుల కంటే ముందు కాస్త సర్దుకోవలసింది పురపాలక యంత్రాంగాలే. మన తెలుగు పట్టణాల్లో దోమల కోసం ఆయిల్ బాల్స్ వేస్తారు కదా. రంపపు పొట్టుని గుడ్డలోనో గోనెలోనో ఉండకట్టి, షెడ్ల నుంచి తెచ్చిన వాడిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, నిలవ నీటి గుంటల్లోకి విసురుతారు. నీటి మీద పల్చటి పొర పరుచుకుని లార్వాకి గాలి అందకుండా చేస్తుందన్నది అందులో కిటుకు. దోమలు చచ్చేమాట నిజమే కావచ్చు, ఆ పనికి దిగే సిబ్బంది కష్టమూ నాకు తెలుసు. కాని వాన పడగానే ఆ గుంట కాలువలో కలుస్తుంది, ఆ ఆయిల్ కాలువతో పాటే పోతుంది. దోమల లార్వా కోసమే తయారుచేసిన ఆయిల్ వేరే ఉంది, జీవసంబంధమైన మందులున్నాయి, గంబూజియా చేపలున్నాయి. ప్రమాదకర వ్యర్థమని చట్టం పేరు పెట్టిన సరుకుని మునిసిపాలిటీలే నీళ్ళలో వేస్తుంటే, మీరు కాలువలో పొయ్యొద్దని మెకానిక్‌కి చెప్పే నోరు ఎవరికుంటుంది? మన నగరంలో ఇది ఏ మేరకు జరుగుతోందో ఒకసారి కనుక్కుని, జరుగుతుంటే ఆపించండి. ఈ ఉత్తరంలో ఖర్చు లేకుండా జరిగే కోరిక ఇదొక్కటే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్ళు నిలిచినప్పుడు బైకులు, ఆటోలు, కార్లు వేలల్లో మునిగాయి. నీళ్ళు దిగాక మెకానిక్కుల ముందు వరసలు కట్టిన బళ్ళని ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు. ఇంజిన్లోకి నీళ్ళు దూరితే ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగుకి తిరుగుతుంది. అది మొత్తం దించి, కొత్తది పోసి కాసేపు తిప్పి, మళ్ళీ దించి, మళ్ళీ పోస్తే గాని లోపలి తడి పోదు. ఒక్కో బండికి రెండు మూడు విడతల ఆయిల్. ఆ పని నా పాత విద్యార్థులు రాత్రింబవళ్ళు చేశారు, కొందరు సగం కూలికే చేశారు. దించిన ఆ నీళ్ళాయిల్‌ని కొనే ట్రాలీ ఆటో రాదు, నీళ్ళు కలిసినదానికి బేరం ఉండదు. అప్పుడు ఊళ్ళో ఒక్క సేకరణ కేంద్రమైనా ఉండి ఉంటే, వరద సాయంతో పాటే అక్కడొక ట్యాంకరు నిలిపి ఉండొచ్చు. బుడమేరు మళ్ళీ పొంగదని ఎవరూ మాటివ్వలేరు.

ఇక చట్టం. ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల మొదటి షెడ్యూల్లోనే వాడిన ఆయిల్ ఉంది. ఆ నిబంధనలకి 2023లో చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం లూబ్రికెంట్ ఆయిల్ తయారుచేసేవాళ్ళు, దిగుమతి చేసుకునేవాళ్ళు తాము అమ్మినదానిలో కొంత వాటాకి సమానంగా వాడిన ఆయిల్‌ని నమోదైన రీసైక్లర్ల చేత శుద్ధి చేయించినట్టు లెక్క చూపాలి. ఆ లెక్కలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గరికి వెళ్తాయి. సేకరించే ఏజెంట్లు కూడా నమోదు కావాలి. సర్వీసు సెంటర్ల వంటి పెద్ద చోట్లకి ఈ దారి సరిపోతుంది. మూడు లీటర్ల కోసం ఏ ఏజెంటూ మా సెల్లార్‌కి రాడు, రావాలని నేను అడగను కూడా.

మా వంతుకి పనికొచ్చేది వేరే చోట ఉంది. 2016లోనే వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు స్థానిక సంస్థలకి ఒక పని అప్పజెప్పాయి: ఇళ్ళలో వచ్చే ప్రమాదకర వ్యర్థాలు తెచ్చి ఇవ్వడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఒక కేంద్రం పెట్టాలి, అది తెరిచి ఉండే వేళలు ప్రజలకి తెలియజెయ్యాలి. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, పాత బ్యాటరీలు, గడువు తీరిన మందులు అంటూ అందులో ఉదాహరణలిచ్చి చివర 'మొదలైనవి' అన్నారు. వాడిన ఇంజిన్ ఆయిల్‌కి ఆ 'మొదలైనవి'లో చోటుందని నా వాదన. మన నగరపాలక సంస్థ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు. ఇరవై చొప్పున లెక్కేస్తే మూడు నిండి కాస్త మిగులుతుంది, ఆ మిగిలినదానికీ ఒకటి పెట్టమన్నారు కాబట్టి నాలుగు కేంద్రాలు. నిబంధనలు ఆ తర్వాత మారినా, ఇంకా మారుతున్నా, ఇంటివాళ్ళకి ఒక చోటు చూపించాలన్న ఆ ఆలోచన మంచిదే.

ఈ రెండు చట్టాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయిల్ కంపెనీలకి లెక్క చూపడానికి నల్ల ఆయిల్ కావాలి. మాకు అది వదిలించుకోవాలి. మధ్యలో కావలసింది ఒక మూతడ్రమ్ము, దాని కింద ఒలికినది పట్టే ట్రే, ఒక మనిషి. డ్రమ్ము నిండాక నమోదైన ఏజెంటుని పిలిస్తే కొనుక్కునే తీసుకెళ్తాడు. మీ బడ్జెట్ మీద పడే భారం అంతగా ఉండదు. కంపెనీల చేతే పెట్టించే వీలుందేమో కూడా చూడొచ్చు. ఆయిల్ చచ్చిపోయే సరుకు కాదు. మసి పట్టి, కలిపిన రసాయనాలు సత్తువ కోల్పోతాయి గాని, మూలంలోని నూనె అలాగే ఉంటుంది. ఈపీఏ లెక్క ప్రకారమే, ఒక గ్యాలన్ వాడిన ఆయిల్‌ని శుద్ధి చేస్తే రెండున్నర క్వార్టుల, అంటే రెండు లీటర్ల పైచిలుకు మంచి లూబ్రికేటింగ్ ఆయిల్ వస్తుంది. అంతే ఆయిల్ ముడిచమురు నుంచి తియ్యాలంటే 42 గ్యాలన్లు, అంటే ఒక పీపా కావాలి. ముడిచమురులో అధికభాగం దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు.

డల్లాస్ అబ్బాయి సంగతి ఇందాక చెప్పాను. అతనికి ఈ పని తేలికవ్వడానికి కారణం గరాజు ఒక్కటే కాదు. పాత ఆయిల్‌ని కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే ఒంపుకుని, ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణానికి తీసుకెళ్తే వాళ్ళు ఊరికే తీసుకుంటారు. ఆ దుకాణంలోనే మళ్ళీ కొత్త ఫిల్టర్ కొనుక్కుంటాడు కాబట్టి దుకాణం వాడికీ నష్టం లేదు. కాలిఫోర్నియాలో 1991లోనే దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. అక్కడ కొన్ని ఊళ్ళలో చెత్త బండే ఇంటి ముందు పెట్టిన ఆయిల్ క్యానుని పట్టుకుపోతుంది. మనకి అంత అక్కర్లేదు. ఆటోనగర్‌లో ఒక చోటు చూపించి మొదలుపెడితే, సింగ్‌నగర్, విద్యాధరపురం, పటమట వైపు మిగిలినవి తర్వాత చూసుకోవచ్చు.

ఇంట్లో ఆయిల్ మార్చుకునేవాళ్ళు ఈ నగరంలో ఎందరుంటారని మీ సిబ్బంది అడగొచ్చు. కారువాళ్ళు తక్కువే. బైకుల సంగతి చూడండి. ఒక్కోదానికి లీటరు లోపో, కాస్త పైనో పడుతుంది, కార్ల కంటే చాలా తరచుగా మార్చాలి, వీధికో మెకానిక్ చెట్టు కిందో బడ్డీ కొట్టులోనో మారుస్తూనే ఉంటాడు. అతనికి డ్రమ్ము పెట్టుకునే చోటుండదు, ట్రాలీ ఆటో వచ్చేంత సరుకూ జమకాదు. కేంద్రం పెడితే అందరికంటే ఎక్కువగా వాడుకునేది అతనే. అన్నీ ఎలక్ట్రిక్ బళ్ళు వచ్చేస్తున్నాయి కదా అనేవారికి ఒకటే జవాబు: ఈ సంవత్సరం అమ్ముడైన పెట్రోలు బైకు ఇంకో పదిహేనేళ్ళు రోడ్డు మీదే ఉంటుంది.

నడిపే పద్ధతి మీద నా అనుభవంతో రెండు మూడు మాటలు చెబుతాను. దేనితోనూ కలపకుండా తెచ్చిన ఇంజిన్ ఆయిల్‌నే అసలు డ్రమ్ములో పొయ్యాలి. కూలెంటు, బ్రేక్ ఆయిల్, పెట్రోలు, పెయింటు థిన్నరు ఏది కలిసినా డ్రమ్ము మొత్తం శుద్ధికి పనికిరాకుండా పోవచ్చు. అలా కలిసినవాటికి, నీళ్ళు దూరినవాటికి పక్కన వేరే డ్రమ్ము ఉండాలి. తీసుకోం పొమ్మని తిప్పి పంపితే మాత్రం అది నేరుగా పక్క కాలువలోకే పోతుంది. పాత ఫిల్టర్లూ తీసుకోవాలి. రాత్రంతా బోర్లించి ఉంచినా వాటిలో ఆయిల్ మిగులుతుంది, ఆ రేకు పాత ఇనుముకి పనికొస్తుంది. మనిషికి ఒకసారికి ఐదు లీటర్లని పరిమితి పెట్టొచ్చు. ఆధార్ కార్డు, కారు ఆర్‌సీ, ఫోనుకి వచ్చిన ఓటీపీ మాత్రం అడగకండి. అడిగారంటే రెండో వారానికి ఎవరూ రారు. ఎక్కడిది, ఎవరిది అని ఆరా తియ్యకపోవడం ఇలాంటి చోట్లకి ప్రాణం. వేళలు ఆదివారం పొద్దున పెట్టించండి. ఇళ్ళలో ఈ పని చేసేవాళ్ళకి తీరిక దొరికేది అప్పుడే, ఆటోనగర్‌లో రద్దీ కూడా తక్కువ.

సిబ్బందికి ఆయిల్ చూసి గుర్తుపట్టడం, డ్రమ్ము ఎలా ఉంచాలి, ఒలికితే రంపపు పొట్టో ఇసుకో ఎలా చల్లి ఎత్తాలి అన్నవి నేర్పడానికి ఒక పూట చాలు. నా పాత విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు, నేనూ వస్తాను, భత్యం అక్కర్లేదు. చిరునామా, వేళలు వార్డు సచివాలయం గోడ మీద అంటించి, ఆయిల్ అమ్మే దుకాణాల్లో ఒక్కో కాగితం పెట్టిస్తే సరిపోతుంది. డబ్బా మోసుకొచ్చే పని మాది.

ఇట్లు,
పటమట నుంచి ఒక విశ్రాంత పాలిటెక్నిక్ లెక్చరర్